పసిబిడ్డల పరిశోధనకు పిల్లల డాక్టర్ల సంఘం అండగా నిలవాలంటే: హైదరాబాద్ శాఖలకు పని పద్ధతి

హైదరాబాద్‌లో నవజాత శిశువుల మీద పరిశోధన చేయడానికి అవకాశానికి లోటు లేదు. రెడ్‌హిల్స్ నిలోఫర్, సికింద్రాబాద్ గాంధీ, పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రులు ఉన్నాయి. వీటికి తోడు ప్రైవేటు మెడికల్ కాలేజీలు, కార్పొరేట్ ఎన్‌ఐసీయూలు (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ వార్డులు). కామెర్ల మీద, నెలలు నిండని కాన్పుల మీద, ఇన్‌ఫెక్షన్ల మీద ప్రతి బ్యాచ్ పీజీలూ థీసిస్‌లు రాస్తూనే ఉన్నారు. వాటిలో చాలా భాగం బైండింగ్ అయ్యాక డిపార్ట్‌మెంట్ బీరువా దాటి బయటికి రావు. పీజీలు కష్టపడక కాదు. ఒక్కొక్కటి వందమంది పిల్లలతో, ఎవరి నిర్వచనంతో వాళ్ళు చేసినవి కావడంతో ఒకదానితో ఒకటి కలపడానికి వీలుండదు. ఒకచోట బిడ్డ చల్లబడిందంటే 36.5 సెల్సియస్ డిగ్రీల కన్నా తక్కువ, ఇంకోచోట 36, మరోచోట పాదాలు తాకి చూసి రాసిన మాట.

సంఘం సాయం అనగానే గ్రాంటు, సదస్సులో పోస్టర్ బహుమతి గుర్తొస్తాయి. అవి ఆఖరున వచ్చేవి. ఏ కాలేజీ ఒంటరిగా చేయలేనిది, సంఘం మాత్రమే చేయగలిగినది వేరే ఉంది. మొదటి బిడ్డ వివరాలు ఫారంలోకి ఎక్కకముందే నాలుగైదు ఆసుపత్రుల చేత ఒకే ప్రశ్నకు ఒకే కొలత, ఒకే ఫారం వాడించడం. కింద చెప్పేదంతా ఆ పని ఎలా చేయాలన్నదే. 1963లో మొదలైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 1980లో మొదలైన నేషనల్ నియోనటాలజీ ఫోరం వంటి జాతీయ సంఘాల నగర శాఖలకు గానీ, సొంతంగా రిజిస్టరైన చిన్న సంఘాలకు గానీ ఇది సరిపోతుంది.

2020 శాంపిల్ రిజిస్ట్రేషన్ (జనన మరణాల జాతీయ సర్వే) లెక్కల ప్రకారం దేశంలో వెయ్యి మంది పిల్లలు ప్రాణంతో పుడితే 20 మంది నెల తిరగకుండానే చనిపోయేవారు. 2014లో వచ్చిన భారత నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక 2030 నాటికి దీన్ని ఒక అంకెకు దించాలంది. ఇంక్యుబేటర్లు కొన్నంత మాత్రాన అది జరగదు. మన వార్డుల్లో ఏది పనిచేస్తోందో, ఏది చేయడం లేదో మన లెక్కలే చెప్పాలి.

ముందు మనుషులు, ఆ తర్వాత డబ్బు

సంఘంలో ఒక పరిశోధన విభాగం పెట్టుకోవాలి. దానికి ఆరుగురు చాలు. ఒక నియోనటాలజిస్టు, జనరల్ పీడియాట్రిక్స్ నుంచి ఒకరు, ఒక ప్రసూతి డాక్టరు, ఒక గణాంక నిపుణుడు, ఎన్‌ఐసీయూ ఇన్‌ఛార్జి సిస్టరు, వైద్య రంగానికి బయటి వ్యక్తి ఒకరు. నెలలు నిండని బిడ్డను పెంచిన తల్లో తండ్రో అయితే మరీ మంచిది. సిస్టరును చేర్చడం మర్యాద కోసం కాదు. ఫారంలో "ప్రతి రెండు గంటలకూ ఉష్ణోగ్రత" అని రాస్తే రాత్రి డ్యూటీలో అది జరిగే పనేనా కాదా అన్నది ఆమెకే తెలుసు.

పీజీలు చేరిన కొద్ది నెలలకే యూనివర్సిటీకి ప్రోటోకాల్ (అధ్యయన ప్రణాళిక) పంపాల్సి వస్తుంది. కాబట్టి విభాగం మొదటి సమావేశం ఆ గడువుకు కనీసం ఎనిమిది వారాల ముందుండాలి. పీజీ, గైడ్ కలిసి రావాలి. ఒక పేజీ కాగితం, ఇరవై నిమిషాలు. ఆ పేజీలో నాలుగే ఉండాలి: ప్రశ్న, ఎవరిని చేరుస్తారు, ఏం కొలుస్తారు, ఎంతమంది. గైడ్ లేకుండా పీజీని ఒక్కడినే పిలిస్తే ఇక్కడ మార్చినది అక్కడ మళ్ళీ మొదటికొస్తుంది.

డబ్బు విషయంలో ఒక గీత ముందే గీసుకోవాలి. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టానికి 2003లో సవరణ వచ్చింది. దాని ప్రకారం డబ్బా పాలు, పాల సీసాలు, రెండేళ్ళ లోపు పిల్లల ఆహారం తయారుచేసే, పంపిణీ చేసే, అమ్మే కంపెనీలు ఆరోగ్య సిబ్బందికిగానీ వాళ్ళ సంఘాలకుగానీ ఏ రూపంలోనూ సాయం ఇవ్వకూడదు. సదస్సు, ఫెలోషిప్, పోటీ బహుమతి, పరిశోధన నిధులు అన్నీ ఇందులోకే వస్తాయి. స్టాల్ అద్దె అనో, ట్రస్టు పేరు మీదనో వచ్చినా అదే వర్తిస్తుంది. పిల్లల డాక్టర్ల సంఘం ఈ చట్టాన్ని మీరితే తల్లిపాల మీద మనం చెప్పే ఏ మాటకూ విలువుండదు. కోశాధికారి ప్రతి చెక్కు వెనుక ఉన్న కంపెనీ ఏం అమ్ముతుందో చూశాకే రసీదు రాయాలి.

సంఘం సభ్యత్వ రుసుము నుంచి, మిగిలిన సదస్సు ఖాతా నుంచి చిన్న గ్రాంట్లు ఇవ్వొచ్చు. మొత్తం ఒకేసారి ఇవ్వకండి. ఆసుపత్రి ఎథిక్స్ (నైతిక పరిశీలన) కమిటీ అనుమతి వచ్చాక సగం, మొదటి పది ఫారాలు పరిశీలించాక పావు వంతు, పేర్లు తీసేసిన మాస్టర్ చార్టు (పిల్లలందరి వివరాల పట్టిక) అప్పగించాక మిగతాది. థర్మామీటర్లు, ఫారం ముద్రణ, ఫోన్ రీఛార్జి, తల్లుల దారి ఖర్చులు వంటి వాటికి ఇది బాగా సరిపోతుంది. పెద్ద ఖర్చులకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) థీసిస్ సాయం, ఎంబీబీఎస్ విద్యార్థులకైతే ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉన్నాయి. ఆ దరఖాస్తులు రాయడంలో చేయి అందించడం కూడా విభాగం పనే.

ప్రశ్నను పరీక్షించడం

ఒక పేజీ కాగితం చూశాక అడగాల్సిన మొదటి మాట: "అవును" అని జవాబొస్తే రేపు వార్డులో ఏం మారుతుంది, "కాదు" అని వస్తే ఏం మారుతుంది? రెండింటికీ "ఏమీ లేదు" అంటే ప్రశ్న మార్చుకోవాలి.

ఇక్కడ ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. 1500 నుంచి 2499 గ్రాముల మధ్య పుట్టిన పిల్లల్ని కాన్పు గది నుంచి నవజాత శిశు విభాగానికి తెచ్చేటప్పుడు మామూలు నూలు టోపీకి బదులు లోపల ప్లాస్టిక్ పొర ఉన్న ఊలు టోపీ పెడితే, చేరేసరికి చల్లబడే పిల్లలు తగ్గుతారా? తక్కువ ఖర్చు, తక్కువ ప్రమాదం. జవాబు ఏదైనా స్టోర్ ఇండెంటు (ఆసుపత్రి తెప్పించుకునే సామాన్ల జాబితా) మీద దాని ప్రభావం ఉంటుంది. అప్పటికే మేలని తేలిన దాన్ని, అంటే వెచ్చటి కాన్పు గది, వెంటనే తుడవడం, చర్మానికి చర్మం ఆనించడం వంటి వాటిని ఏ గుంపుకూ ఆపకూడదు. టోపీ ఒక్కటే తేడాగా ఉండాలి.

తర్వాత, పిల్లలు దొరుకుతారా? "మా దగ్గర చాలామంది పుడతారు" అన్న మాట లెక్కలోకి రాదు. గడచిన మూడు నెలల రిజిస్టరు తీసి ఆ బరువు పిల్లల్ని లెక్కపెట్టాలి. పుట్టుకతో లోపాలున్నవాళ్ళను, పుట్టగానే ఊపిరి అందించాల్సి వచ్చినవాళ్ళను తీసేయాలి. మిగిలిన సంఖ్యలో సగమే చేరతారనుకుని ప్లాన్ చేసుకోవాలి. సెలవు రోజులు, తల్లిదండ్రులు వద్దనడం, డ్యూటీ పీజీ మరో బిడ్డ దగ్గర చిక్కుకోవడం, ఇవన్నీ కలిసి మిగతా సగాన్ని తినేస్తాయి. బతుకమ్మ, దసరా రోజుల్లో, సంక్రాంతికి చేరికలు పడిపోతాయని కూడా ముందే అనుకోవాలి.

ఎంతమంది కావాలి

మన థీసిస్‌లలో ఎక్కువగా కనిపించే సూత్రం 4 పీక్యూ బై డీ స్క్వేర్. పీ అంటే అంచనా శాతం, క్యూ అంటే వందలోంచి పీ తీసేస్తే మిగిలేది, డీ అంటే జవాబు ఎంత అటూ ఇటూ అయినా ఫరవాలేదన్నది. చల్లబడే పిల్లలు 40 శాతం ఉంటారని అంచనా అయితే 4 × 40 × 60 = 9,600. పది శాతం అటూ ఇటూగా తెలిస్తే చాలంటే 100తో భాగించాలి, 96 మంది. అయిదు శాతం కావాలంటే 25తో, 384 మంది. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. కొందరు "20 శాతం తేడా" అంటూ 40లో 20 శాతాన్ని, అంటే 8ని వేస్తారు. అప్పుడు 150 వస్తుంది. తప్పేం లేదు, కానీ ఏది వాడారో రాయరు. ఆసుపత్రిలో దొరికే సంఖ్యను ముందే పెట్టుకుని దానికి సరిపోయే డీని వెతకడం మాత్రం తప్పే. ఎథిక్స్ కమిటీలో గణాంకాలు తెలిసినవాళ్ళుంటే ఇట్టే పట్టేస్తారు.

అసలు సంగతి, ఆ సూత్రం ఒక గుంపులో శాతం తెలుసుకోవడానికే. టోపీ లాంటి రెండు గుంపుల పోలికకు అది పనికిరాదు. చల్లబడేవాళ్ళు 30 శాతం నుంచి 15కి తగ్గుతారని, 80 శాతం పవర్ (తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం), 5 శాతం ఆల్ఫా (లేని తేడాను ఉందనుకునే అవకాశం) అనుకుంటే గుంపుకు 118 మంది కావాలి. పది శాతం మంది మధ్యలో తప్పుకుంటారనుకుంటే 118ని 0.9తో భాగించి 132. రెండు గుంపులకూ కలిపి 264. ఒక పీజీకి, ఒక యూనిట్‌లో ఇది చాలా బరువు. నాలుగు ఆసుపత్రుల నలుగురు పీజీలకు తలా 66 పడుతుంది. సంఘం అవసరం ఏమిటో ఈ ఒక్క భాగహారంలో తెలిసిపోతుంది.

ఇదే పెద్ద స్థాయిలో జరిగితే ఏమవుతుందో 2021లో వచ్చిన ఫలితాలు చూపించాయి. భారత్, ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాల్లో ఒక్కో ఆసుపత్రి, మొత్తం 3,211 మంది పిల్లలు, బరువు 1000 నుంచి 1799 గ్రాములు. బిడ్డ పరిస్థితి కుదుటపడే దాకా ఆగకుండా పుట్టగానే కంగారూ పద్ధతి (బిడ్డను తల్లి ఛాతీకి చర్మానికి చర్మం ఆనించి ఉంచడం) మొదలుపెట్టిన గుంపులో నెలలోపు మరణాలు 12.0 శాతం, ఆగి మొదలుపెట్టిన గుంపులో 15.7 శాతం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు మారింది. ఆ అయిదింటిలో ఏ ఒక్క ఆసుపత్రి ఒంటరిగా చేసినా ఆ తేడా తేలేది కాదు.

కవలల సంగతి ముందే తేల్చుకోండి. ఇద్దరూ ఒకే తల్లి, ఒకే కాన్పు, ఒకే గది. వాళ్ళను విడివిడి పిల్లలుగా లెక్కేస్తే విశ్లేషణ పక్కదారి పడుతుంది. చిన్న అధ్యయనమైతే ఇద్దరినీ ఒకే గుంపులో వేసి, ఫారంలో "కవలలు" గడి పెట్టి, విశ్లేషణలో ఆ సంగతి లెక్కలోకి తీసుకోవాలి.

ఒకే ఫారం, ఒకే కొలత

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. నాలుగు ఆసుపత్రుల సిస్టర్లను, పీజీలను ఒకే చోట ఒక పూట కూర్చోబెట్టి, బొమ్మ మీద, ఆపైన తల్లిదండ్రులు ఒప్పుకుంటే బిడ్డ మీద ప్రతి కొలతా చేయించాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పిల్లల ఎత్తు, బరువు కొలతల మీద దశాబ్దాలుగా పని చేస్తున్న ఊరు ఇది. కొలతల క్రమశిక్షణ నేర్పగలిగిన వాళ్ళను వెతుక్కోవడం కష్టం కాదు.

బరువు గ్రాముల్లోనే రాయాలి. 1.8 అని ఒకరు, 1800 అని ఒకరు రాస్తే మాస్టర్ చార్టు పాడవుతుంది. కాటా కనీసం 10 గ్రాముల తేడా చూపాలి. బట్ట వేసి సున్నా చేసి, బట్టలు లేని బిడ్డను ఆ బట్ట మీదే పడుకోబెట్టాలి. తెలిసిన ఒక కిలో తూకంతో వారానికోసారి సరిచూసి ఆ తేదీని కాటా పక్కన అతికించిన కాగితం మీద రాయాలి. పది గ్రాముల కాటాతో నిజాయితీగా తూస్తే రెండు సున్నాలతో ముగిసే బరువులు పదింట ఒకటి చొప్పున ఉంటాయి. ఫారాల్లో అవి పదింట మూడో నాలుగో కనిపిస్తే ఎవరో చూపుతోనే సర్ది రాస్తున్నారని అర్థం. దీంతో ఎక్కువ నష్టం 2500 దగ్గర. 2460 గ్రాముల బిడ్డ 2500 అయిందంటే "తక్కువ బరువు" జాబితాలోంచే జారిపోతుంది.

గర్భ వయసు ఎలా తేల్చారో దానికో గడి ఉండాలి. మొదటి మూడు నెలల స్కాన్ ఉంటే అదే. లేకపోతే నమ్మకంగా చెప్పిన ఆఖరి నెలసరి తేదీ. రెండూ లేకపోతే న్యూ బల్లార్డ్ స్కోరు, అంటే బిడ్డ శరీర లక్షణాలు చూసి వేసే అంచనా. దానిలో రెండు వారాలు అటూ ఇటూ అవుతుందని మరిచిపోకూడదు. వారాలకో గడి, రోజులకో గడి పెట్టాలి. ఒకే గడి ఇస్తే 34 వారాల 5 రోజుల్ని 34.5 అని రాసేస్తారు, కంప్యూటరు దాన్ని ముప్ఫై నాలుగున్నర వారాలుగా లెక్కేస్తుంది. నిజానికి అది 34.7.

ఉష్ణోగ్రతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ మెట్లే వాడండి. 36.5 నుంచి 37.5 సెల్సియస్ మామూలు, 36.0 నుంచి 36.4 స్వల్పంగా చల్లబడటం, 32.0 నుంచి 35.9 మధ్యస్థం, 32 కన్నా తక్కువ తీవ్రం. మామూలు పాదరసపు క్లినికల్ థర్మామీటరు 35 డిగ్రీలకు కిందికి చూపదు. దానితో తీసుకుంటే బాగా చల్లబడ్డ బిడ్డ కూడా 35గానే నమోదవుతుంది. అన్ని చోట్లా ఒకే రకం, తక్కువ డిగ్రీలు చూపే డిజిటల్ థర్మామీటర్లు కొనివ్వడం సంఘం గ్రాంటుకు తగిన ఖర్చు. చంక తుడిచి, కొన చంక మధ్యలో ఉండేలా పెట్టి, చేతిని ఒంటికి ఆనించి పట్టుకుని, శబ్దం వచ్చేదాకా కదపకూడదు. టోపీ అధ్యయనంలో ఈ కొలత బిడ్డ నవజాత శిశు విభాగంలోకి వచ్చిన అయిదు నిమిషాల్లో, వార్మర్ (బిడ్డను వెచ్చబరిచే పరికరం) కింద పెట్టకముందే జరగాలి. వార్మర్ కింద పది నిమిషాలున్నాక తీసిన ఉష్ణోగ్రత వార్మర్ గురించి చెబుతుంది, టోపీ గురించి కాదు. గది ఉష్ణోగ్రతకు కూడా ఒక గడి పెట్టండి. మే నెల పిల్లల్ని, డిసెంబరు పిల్లల్ని ఒకే గాటన కట్టలేం.

సమయం ఎప్పుడూ 24 గంటల పద్ధతిలోనే. "రాత్రి 12:10" అని రాసిన బిడ్డ ఏ తేదీన పుట్టిందో నెల తర్వాత ఎవరూ చెప్పలేరు. కామెర్లు, షుగర్ మీద చేసే పనిలోనైతే బిడ్డ వయసు గంటల్లో కావాలి. కాన్పు సమయం, శాంపిల్ తీసిన సమయం రెండూ రాయించి, గంటల లెక్క షీటు చేత చేయించాలి. మనిషి చేత మనసులో చేయించకూడదు.

అనుమతి, అంగీకారం

సంఘం ఎంత పెద్దదైనా ఎథిక్స్ అనుమతి తానే ఇచ్చుకోకూడదు. ప్రతి ఆసుపత్రి పని దాని రిజిస్టరైన ఎథిక్స్ కమిటీ ముందుకు వెళ్ళాల్సిందే. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీ అధ్యక్షుడు ఆ సంస్థకు చెందినవారై ఉండకూడదు, కనీసం అయిదుగురు ఉంటేనే సమావేశం చెల్లుతుంది. నాలుగు చోట్లా ఒకే ప్రోటోకాల్ వెళితే నాలుగు కమిటీలు నాలుగు మార్పులు అడుగుతాయి. ఒకరు అడిగిన మార్పును మిగతా ముగ్గురికీ పంపి, అందరి దగ్గరా ఒకే కాపీ, ఒకే తేదీ, ఒకే వెర్షన్ నంబరు ఉండేలా చూడటానికి ఒక మనిషిని పెట్టాలి. ఇది నిరుత్సాహంగా అనిపించే పని, కానీ దీన్ని వదిలేస్తే ఆరు నెలల తర్వాత రెండు రకాల ఫారాలతో కూర్చోవాల్సి వస్తుంది.

నవజాత శిశువు విషయంలో అంగీకారం తల్లిదండ్రులది. ప్రమాదం నామమాత్రంగా ఉన్నా, లేదా బిడ్డకు నేరుగా మేలు జరిగే పనైనా సాధారణంగా ఒకరి సంతకం సరిపోతుంది. ప్రమాదం అంతకు మించితే, లేదా బిడ్డకు నేరుగా మేలు లేకపోతే ఇద్దరి అంగీకారం అవసరం కావచ్చు. పెద్ద పిల్లల మీద చేసే పనైతే ఏడేళ్ళు నిండినవాళ్ళను మాటతో, పన్నెండేళ్ళు దాటినవాళ్ళను రాతపూర్వకంగా కూడా అడగాలి.

మన ఊళ్ళో నిజంగా ఎదురయ్యే చిక్కు వేరు. తల్లికి మహబూబ్‌నగర్‌లోనో సంగారెడ్డిలోనో ఆపరేషన్ అయి అక్కడే ఉంటుంది. అంబులెన్సులో బిడ్డతో వచ్చింది అమ్మమ్మ. ఆమె ఎంత ప్రేమగలదైనా తల్లిదండ్రులుండగా పరిశోధనకు ఆమె సంతకం చెల్లదు. తండ్రి వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడానికి ప్రోటోకాల్‌లోనే చోటుండాలి. పైగా బిడ్డకు ఆక్సిజన్ పెడుతున్న నిమిషంలో కాగితం చాచడం అమానుషం. ముందు బిడ్డ కుదుటపడాలి, ఇంటివాళ్ళు కూర్చోవాలి, అప్పుడు మాట. టోపీ లాంటి అధ్యయనానికి ఆ తీరిక ఉండదు కాబట్టి కాన్పుకు ముందే, నొప్పులు తీవ్రం కాకముందే, ప్రసూతి వార్డులో అడగాలి. ప్రసూతి డాక్టరును పరిశోధన విభాగంలో చేర్చమన్నది ఇందుకే.

అంగీకార పత్రం తెలుగు, ఉర్దూ, హిందీల్లో ఉండాలి. ఒకరు అనువదించాక, మూలం చూడని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి రెండూ పోల్చాలి. తెలుగు పత్రంలో పాఠ్యపుస్తకం భాష వద్దు. ఇలా రాస్తే చాలు: "మీ బిడ్డకు ఏ టోపీ పెట్టాలో డాక్టరు నిర్ణయించరు. మూసి ఉన్న కవరులో ఏది వస్తే అదే పెడతాం. మీరు ఒప్పుకోకపోయినా బిడ్డ వైద్యంలో ఏ తేడా ఉండదు. మధ్యలో వద్దనుకుంటే ఎప్పుడైనా చెప్పొచ్చు, కారణం చెప్పక్కర్లేదు." చదివి వినిపించాక "మీ ఇంట్లోవాళ్ళకు దీన్ని ఎలా చెబుతారు?" అని అడగండి. తల్లి "మందు పరీక్షిస్తున్నారు" అంటే మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. వేలిముద్ర వేసేవాళ్ళ పక్కన సాక్షి ఉండాలి, ఆ సాక్షి అధ్యయనంలో పనిచేసే మనిషి కాకూడదు.

రక్తం తీసే అధ్యయనమైతే ఫారం మీదే హద్దు రాయండి. పరిశోధన కోసం తీసే రక్తం ఒక్కసారికి మొత్తం రక్తంలో 1 శాతం, నాలుగు వారాల్లో 3 శాతం దాటకూడదన్నది ఐరోపా మార్గదర్శకాల లెక్క. 1500 గ్రాముల బిడ్డకు కిలోకు 80 మిల్లీలీటర్ల చొప్పున ఒంట్లో ఉండేది 120. అంటే ఒక్కసారికి 1.2, నాలుగు వారాలకు 3.6 మిల్లీలీటర్లు. వైద్యం కోసం ఎలాగూ సూది గుచ్చేటప్పుడే అదనపు చుక్కలు తీసుకోవాలి తప్ప పరిశోధన కోసం వేరుగా గుచ్చకుండా ప్లాన్ చేయడం ఈ చిన్న ప్రాణాలకు మనం చేయగల కనీస న్యాయం.

రెండు గుంపులుగా విడదీసే ఏ అధ్యయనమైనా మొదటి బిడ్డ చేరకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. రుసుము లేదు. 2018 ఏప్రిల్ 1 నుంచి, మొదలైపోయిన ట్రయల్స్‌ను రిజిస్ట్రీ తీసుకోవడం లేదు. వాళ్ళు ప్రశ్నలు అడగడం, మీరు జవాబివ్వడం వారాల పాటు నడుస్తుంది, కాబట్టి ఎథిక్స్ ఉత్తరం చేతికొచ్చిన రోజే అప్‌లోడ్ చేయండి. నంబరు లేకుండా మొదలుపెట్టిన థీసిస్‌కు మంచి జర్నల్ తలుపు తెరవదు.

ఏ బిడ్డ ఏ గుంపులోకో లాటరీలా తేల్చే కవర్లు సంఘం ఆఫీసులో, వార్డుతో సంబంధం లేని మనిషి తయారుచేయాలి. ప్రతి నాలుగు కవర్లలో గుంపుకు రెండు చొప్పున వచ్చేలా అన్నీ నాలుగేసి బ్లాకులుగా పేర్చితే మూడు తెరిచాక నాలుగోది ఊహించేయొచ్చు. అందుకే నాలుగు, ఆరు కలిపి వాడాలి, ప్రతి ఆసుపత్రికి వేరే వరుస ఉండాలి. ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టినా కనిపించకుండా లోపల అల్యూమినియం రేకు కాగితం మడిచి పెట్టండి. తెరిచే ముందే కవరు మీద తల్లి పేరు, తేదీ, సమయం రాయాలి.

పుట్టింటికి వెళ్ళిన బిడ్డను వెతికి పట్టుకోవడం

డిశ్చార్జ్ తర్వాత చూడాల్సిన అధ్యయనాలు ఎక్కువగా ఇక్కడే కూలిపోతాయి. తల్లి పుట్టింటికి వెళుతుంది, సిమ్ మారుతుంది, తండ్రి పనికోసం ఇంకో ఊరికి పోతాడు. నాలుగు నంబర్లు తీసుకోండి: తల్లిది, తండ్రిది, అమ్మమ్మ ఇంటిది, ఆ ఊరి ఆశా కార్యకర్తది. తల్లి ఎదురుగా ఉండగానే ఒక్కోదానికి మిస్డ్ కాల్ ఇచ్చి మోగుతుందో లేదో చూడాలి. డిశ్చార్జ్ తర్వాత ఎక్కడుంటారో, ఎన్ని నెలలుంటారో అడిగి రాయాలి.

అధ్యయనం కోసం వేరే రోజున రమ్మంటే రారు. 6, 10, 14 వారాల టీకాలకు రావాల్సిన రోజులకే ముడిపెట్టండి. 2000 గ్రాముల కన్నా తక్కువగానో, 34 వారాల లోపో పుట్టిన పిల్లలకు కళ్ళ పరీక్ష ఎలాగూ నెల తిరిగేలోపు జరగాలి, మరీ చిన్నవాళ్ళకు రెండు మూడు వారాల్లోనే. ఆ రోజే మన కొలత కూడా తీసుకుంటే తల్లికి ఒక ప్రయాణం తగ్గుతుంది. దారి ఖర్చు ఇవ్వండి. అది తాయిలంలా కనిపించకుండా ఎంత, ఎందుకు ఇస్తున్నారో ఎథిక్స్ కమిటీకి ముందే రాసి అనుమతి తీసుకోవాలి.

చెప్పకుండా, సలహాకు విరుద్ధంగా తీసుకెళ్ళిపోయిన పిల్లల్ని చార్టులోంచి కొట్టేయడం పెద్ద తప్పు. జబ్బు ముదిరినవాళ్ళే చాలాసార్లు అలా వెళతారు. వాళ్ళను తీసేస్తే మరణాలు తక్కువగా కనిపిస్తాయి. "ఫలితం తెలియదు" అన్నది ఒక ఫలితం గడిగానే ఉండాలి.

మాస్టర్ చార్టు, ఆ తర్వాత

ఒక బిడ్డకు ఒక వరుస. గడులు కలపకూడదు, రంగులతో అర్థం చెప్పకూడదు. తెలియనిదాన్ని 99 అని రాస్తే అది ఎక్కడో ఒకచోట నిజం విలువైపోతుంది, ఖాళీగా వదిలి పక్కన కారణం రాయించండి. పేర్లు, ఫోన్ నంబర్లు వేరే ఫైలులో, పాస్‌వర్డుతో, గైడ్ దగ్గర మాత్రమే ఉండాలి. వాట్సాప్ గ్రూపులో బిడ్డ కేస్ షీటు ఫోటో పెట్టే అలవాటును మొదటి రోజే ఆపేయాలి.

ప్రతి ఆసుపత్రిలో మొదటి పది ఫారాలు నిండగానే పరిశోధన విభాగం నుంచి ఒకరు వెళ్ళి కేస్ షీట్లతో పోల్చి చూడాలి. గడి అర్థంకాక ఇద్దరు రెండు రకాలుగా నింపడం, వార్మర్ కింద ఉష్ణోగ్రత తీయడం, ఇవన్నీ పదో బిడ్డ దగ్గర బయటపడితే సరిదిద్దుకోవచ్చు. అరవయ్యో బిడ్డ దగ్గర బయటపడితే చేసేదేం లేదు. ఆ తర్వాత నెలకోసారి చాలు.

పేర్ల వరుస గురించి గొడవలు ఫలితాలు వచ్చాక పుడతాయి, అందుకే ఒప్పందం మొదటి సమావేశంలోనే రాసుకోవాలి. ఎవరి థీసిస్‌లో ఏ భాగం, ఉమ్మడి వ్యాసంలో ముందెవరు, సంతకాలతో. పనిచేయని పెద్దల పేర్లు చేర్చొద్దు. ఫలితం "టోపీతో తేడా లేదు" అని వచ్చినా రాయాలి, లేకపోతే మరో ఊళ్ళో మరో పీజీ మళ్ళీ అదే చేస్తాడు. జాతీయ సదస్సు పెడికాన్‌కో నియోకాన్‌కో సారాంశం పంపడం మొదటి మెట్టు మాత్రమే. వ్యాసంగా మలచడానికి మరో ఆరు నెలల పని ఉంటుంది. వారంలో అచ్చేస్తామంటూ డబ్బడిగే జర్నల్స్ నుంచి పీజీలకు వరసగా మెయిళ్ళు వస్తాయి. వైద్య వ్యాసాల ఆన్‌లైన్ సూచిక పబ్‌మెడ్‌లో ఆ జర్నల్ ఉందో లేదో, పరిశీలన ఎన్నాళ్ళు పడుతుందో చూడకుండా ఎవరికీ రూపాయి కట్టనివ్వొద్దు.

అధ్యయనం ముగిశాక ఖాళీ ఫారం, కొలతల సూచనల కాగితం, మూడు భాషల అంగీకార పత్రాలు, పేర్లు లేని మాస్టర్ చార్టు, ఈ నాలుగూ సంఘం దగ్గర ఒక ఫోల్డరులో తేదీ వేసి ఉంచాలి. మాస్టర్ చార్టును సంఘంతో పంచుకుంటామని అంగీకార పత్రంలోనూ ఎథిక్స్ దరఖాస్తులోనూ ముందే రాసి ఉంటేనే ఇది కుదురుతుంది. వచ్చే బ్యాచ్ పీజీ ఒక పేజీ కాగితంతో వచ్చినప్పుడు ముందుగా ఈ ఫోల్డరు అతని చేతికివ్వండి.